పెద్దల ఎదుట పరువు

 పొలం నుండి ఇప్పుడే వచ్చి కూర్చున్నవారికి, వంట చేసుకుంటూ వింటున్న తల్లులకు, మంచం మీద ఒంటరిగా పడుకొని వింటున్న పెద్దలకు దేవుని సమాధానం కలుగును గాక.

మీ దగ్గర బైబిలు ఉంటే రెండు చోట్ల గుర్తు పెట్టుకోండి. మొదటి సమూయేలు 15వ అధ్యాయం, రెండవ సమూయేలు 12వ అధ్యాయం. అక్కడ సౌలు, ఇక్కడ దావీదు. ఇద్దరూ రాజులే. ఇద్దరి దగ్గరికీ ప్రవక్త వచ్చాడు. ఇద్దరూ పాపం చేశామని నోరు తెరిచి ఒప్పుకున్నారు. అయితే సౌలు ఒప్పుకోలు అతన్ని నిలబెట్టలేదు, దావీదును నిలబెట్టింది. దావీదు తప్పు చిన్నదా? సౌలు అమాలేకీయుల రాజును, మంచి మంచి పశువులను చంపక మిగుల్చుకున్నాడు. దావీదు ఊరియా భార్యను తీసుకొని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. మన ఊరి పెద్దలను తీర్పు చెప్పమంటే ఎవరికి ఎక్కువ శిక్ష వేస్తారో మీరే చెప్పండి.

సౌలు మాటలు నెమ్మదిగా చదవండి. దేవుడు చెప్పినట్టే చేశానని మొదట అన్నాడు. మరి ఈ గొఱ్ఱెల అరుపులేమిటని సమూయేలు అడిగితే, జనులు తెచ్చారన్నాడు, అదీ బలి అర్పించడానికే అన్నాడు. తప్పులో కూడా భక్తిని కలిపాడు చూశారా! ఇక తప్పించుకునే దారి లేనప్పుడు పాపం చేశానన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. 30వ వచనంలో ఇంకొక మనవి ఉంది. పెద్దల ఎదుట, ఇశ్రాయేలీయుల ఎదుట నన్ను గౌరవించి నాతోకూడ రమ్మని ప్రవక్తను బతిమాలాడు. నలుగురిలో తల దించుకోకుండా ఉంటే చాలుననుకున్నాడు.

ఈ వచనం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. ప్రసంగించిన నేనే ఒకసారి సౌలునయ్యాను.

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో కోతపండుగ జరిగింది. మరునాడు లెక్క చూసుకుంటే ఒక కవరు లేదు. అందులో నాలుగు వేల రూపాయలు. కానుకల పెట్టె తాళంచెవి ఒక సంఘపెద్ద దగ్గర ఉండేది. ఆ తరువాతి ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ ఉండగానే, “తాళంచెవి ఎవరి దగ్గరుందో వారే జవాబు చెప్పాలి” అన్నాను. పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరమేముంది? అందరూ ఆయన వైపే చూశారు. ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి, భార్యాపిల్లలను తీసుకొని వెళ్ళిపోయారు.

మూడు వారాల తరువాత ఆ కవరు నా కీర్తనల పుస్తకంలో దొరికింది. ఎవరో చేతికిస్తే నేనే అందులో పెట్టి మరచిపోయాను.

ఆ రాత్రే ఆయన ఇంటికి వెళ్ళాను, బాగా పొద్దుపోయాక. క్షమించమని అడిగాను. ఆయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, “ఫర్వాలేదు అయ్యగారూ” అన్నారు. నా మనస్సు తేలికపడింది. గుమ్మం దాటుతుంటే ఆయన భార్య నెమ్మదిగా అన్నది: “అయ్యగారూ, నింద వేసింది అందరిలో. క్షమాపణ చీకట్లోనా?”

ఇంటికి వచ్చి దావీదు దగ్గరకు పేజీలు తిప్పాను. నాతాను చెప్పింది విని దావీదు పలికిన ఒప్పుకోలు హెబ్రీ భాషలో రెండే మాటలు. యోవాబు మీదికి నెట్టలేదు, బత్షెబ మీదికి నెట్టలేదు. పరువు కాపాడమని అడగలేదు. 51వ కీర్తన పైన ఉన్న శీర్షిక ఎప్పుడైనా చదివారా? మనం దాన్ని దాటేసి మొదటి వచనానికి వెళ్ళిపోతాం. నాతాను ఎందుకు వచ్చాడో, దావీదు ఎవరి దగ్గరకు వెళ్ళాడో అందులో రాసి ఉంది. అది ప్రధానగాయకుని చేతికిచ్చిన కీర్తన. అంటే, అందరూ పాడుకొనే పాట! మొదటి దినవృత్తాంతములు 3:5 చూస్తే దావీదు కుమారులలో ఒకని పేరు నాతాను. ప్రవక్త పేరే పెట్టాడని లేఖనం చెప్పదు గాని, నాకైతే అలా అనుకోవడం ఇష్టం.

క్షమాపణ దొరికినా, ఆ పాపంవలన కలిగిన బిడ్డ మాత్రం చనిపోయాడు. ఇది నాకు ఇప్పటికీ కష్టమైన భాగమే.

మనకైతే దావీదుకంటే ఎక్కువ ధైర్యం ఉండాలి. మన ప్రభువు గవిని వెలుపల, దారిన పోయేవారు తల ఊపుతూ దూషిస్తుండగా, మన అవమానాన్ని భరించాడు. ఇక నేను కాపాడుకోవలసిన పరువేమిటి?

ఆ ఆదివారం ప్రసంగం చేయలేదు. కవరు పైకెత్తి చూపించి, ఎక్కడ దొరికిందో చెప్పి, ఆయన పేరు పెట్టి క్షమాపణ అడిగాను. నా గొంతు వణికింది. ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన కుటుంబం మళ్ళీ మందిరానికి వస్తున్నది. తాళంచెవి మాత్రం ఆయన తీసుకోలేదు, ఎంత అడిగినా. ఇప్పుడు ఆరాధన అయిన వెంటనే కానుకలు బల్ల మీద పోసి ముగ్గురు లెక్కపెడతారు, ముగ్గురూ సంతకం చేస్తారు. నేను డబ్బు ముట్టుకోను.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, ఈ మాటలు వింటుండగా ఎవరికో ఒక ముఖం జ్ఞాపకం వచ్చింది. రేపు పగటి వెలుగులో ఆ ఇంటి గుమ్మం ఎక్కడానికి వారికి బలం దయచేయుము. ఆ ఇంటివారి గాయమును నీవే ముట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.