దాచిన గాయము

గత వేసవిలో నేను నంద్యాలనుండి ఆళ్లగడ్డకు బస్సులో పోవుచుంటిని. నా ప్రక్కన ఒక తల్లియు, పదునాఱేండ్ల కుమార్తెయు కూర్చుండిరి. ఎండ మండుచుండినను ఆ పిల్ల మణికట్టులవఱకు మూసిన రవికె తొడిగికొని యుండెను. దాని అంచున కట్టు కనబడుచుండెను. "మెట్లమీద జారి పడిందక్కా" అని నేనడుగకమునుపే తల్లి చెప్పినది. కొంతసేపటికి ముందు వరుసలోని ముసలమ్మ అడుగగా, సైకిలు మీదనుండి పడినదనెను. పిల్ల కిటికీ వంకనే చూచుచుండెను.

ఆళ్లగడ్డలో దిగిన పిదప ఆ తల్లియే నిజము చెప్పినది. పిల్ల తన్ను తానే గాయపఱచుకొన్నది. ఇది మొదటిమారు కాదు. "డాక్టరుతో కూడా పడిందనే చెప్పినాను. పోలీసులు వస్తే? రేపు సంబంధాలు వస్తాయా?" వైద్యుడు తాను వినిన మాటను నమ్మి, కట్టు కట్టి పంపినాడట. ఆయనను నేను తప్పుపట్టలేను.

ఆ ఊర రాతిని మలచు శిల్పులు అనేకులు కలరు. ఉలి జారి వ్రేలు తెగినచో శిల్పి దాచుకొనడు. నలుగురును వచ్చి పరామర్శింతురు. ఈ గాయమునకు మాత్రము పరామర్శ లేదు. పిచ్చియనియో, పెంకెతనమనియో తీర్పు కలదు. నిజమునకు ఇట్లు చేసికొను వారిలో పలువురు చావగోరి చేయువారు కారు. చెప్పుకొన దారిలేని వేదనతో చేయుదురు. ఆ వేదన నెవరును విచారింపకున్న, ప్రాణాపాయము కూడ పెరుగును. మొదటిమారే వైద్యునకు నిజము తెలిసిన, కట్టుతోపాటు మనసునకును చికిత్స దొరకును.

పోలీసు భయమునకు ఒకనాడు కారణము లేకపోలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ విభాగము, ఆత్మహత్యకు యత్నించినవారికి ఏడాదివఱకు చెఱసాల విధింపవచ్చుననెను. 2018 మే 29న అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావింపవలెననియు, సాధారణముగా శిక్షింపరాదనియు చెప్పినది. 2024 జూలై 1న అమలైన భారతీయ న్యాయసంహితలో ఆ 309వ విభాగమే లేదు. ఆ వార్త మాత్రము మా బస్సువఱకు రాలేదు!

నంద్యాలలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. పోవుట కష్టము కాదు. పోయి నిజము చెప్పుటయే కష్టము. అందుకే ముందు 14416 సంఖ్యకు ఫోను చేయుమంటిని. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ అది. రేయింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగుననే మాటలాడుదురు.

"పేరు చెప్పాల్నా?" అని మెల్లగా అడిగినది పిల్ల. ఆమె నాతో మాటలాడినది అదియే మొదలు. ముందు బాధ చెప్పుమంటిని. తల్లి ఆ సంఖ్య వ్రాసిన కాగితమును నా చేతినుండి తీసికొని, కొంగున ముడివేయబోయి, కూతురి చేతిలో పెట్టినది.