పొయ్యి ముట్టింపని తీపి: మామిడి మీగడ దొంతర

రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల మాట. ఆ యెండ వీధిలో నడచువారిని మాత్రమే బాధించునని తలచుట పొరపాటు. వీధిలోనివాడు చెట్టు నీడ చేరగలడు. మధ్యాహ్నము పదకొండు గంటలకు పొయ్యి ప్రక్క నిలిచి, ఒక చేత గరిటెయు, ఒక చేత చెమట తుడుచుకొను కొంగును పట్టుకొన్న యిల్లాలికి నీడ యెక్కడ? ఆమెకు వేసవి రెండింతలు. అయినను వేసవియందే పిల్లలకు సెలవులు, వేసవియందే పెండ్లిండ్లు, వేసవియందే చుట్టముల రాక. నలుగురు కూడినప్పుడు విస్తరిలో ఒక తీపి లేకున్న మన మనస్సున కేదో వెలితి. కావున పొయ్యితో పనిలేక సిద్ధమగు తీపి యొకటి యెట్లు చేయవలెనో, దానియందు వహింపవలసిన జాగ్రత్త లెట్టివో నేడు ముచ్చటించుకొందము.

పాశ్చాత్యుల వంట పుస్తకములలో ఓవెను అవసరము లేని తీపి పదార్థముల కొక ప్రత్యేక ప్రకరణము కనబడును. వారికి కేకు కాల్చుట నిత్యకృత్యము. వేసవిలో దానిని తప్పించుకొనుటకై పండ్లు, మీగడ, బిస్కత్తులు దొంతరలుగా పేర్చి చల్లబరచు పద్ధతిని వారు అలవరచుకొనిరి. మనకు తప్పించుకొనవలసినది ఓవెను కాదు; పొయ్యి, పాకము, మూకుడు. కాని యిట్టి ఆలోచన మనకు క్రొత్తది కాదు. శ్రీరామనవమి నాడు మనము నివేదించునవి యేవి? బెల్లము, మిరియాలు, ఏలకులు కలిపిన పానకము. నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు. తడిబియ్యపు పిండితో చలిమిడి. ఈ మూడింటిలో దేనికిని నిప్పు అక్కరలేదు. ఎండలు ముదురు వేళకు సరిగా నప్పునట్లు మన పూర్వులు ఏర్పరచిన నైవేద్యమిది. 12వ శతాబ్దమున చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుని పేర వెలసిన ‘మానసోల్లాసము’ అను సంస్కృత గ్రంథమున, నీరు తీసిన పెరుగులో చక్కెర చేర్చి చేయు ‘శిఖరిణి’ చెప్పబడినది. నేడు మహారాష్ట్ర, గుజరాతు ప్రాంతములలో శ్రీఖండమని పిలువబడునది దాని వంశములోనిదే. అందు మామిడిపండు గుజ్జు కలిపినచో ఆమ్రఖండము. మేము చెప్పబోవు వంటకము ఈ ఆమ్రఖండమునకు చెల్లెలు వంటిది.

ఇచట ఒక విషయమును మొదటనే మనసున నిలుపుకొనవలెను. నిప్పు మన వంటయింట రెండు పనులు చేయును. ఒకటి, పదార్థమును ఉడికించుట. రెండవది, కంటికి కనబడని సూక్ష్మజీవులను నశింపజేయుట. నిప్పు లేని వంటకమున మొదటి పనిని కాలము, చల్లదనము చేయును. రెండవ పనిని చేయవలసినది మన చేతుల శుభ్రతయే. ఈ మాట మరచినవారికి పొయ్యి లేని వంట సులభమేకాని క్షేమము కాదు.

ఇక కావలసిన వస్తువులు. ఆరుగురికి సరిపడునట్లు చెప్పుచున్నాము. బాగుగా మాగిన బంగినపల్లి మామిడిపండ్లు మూడు, అనగా సుమారొక కిలో. గేదెపాలతో తోడుపెట్టిన గట్టి పెరుగు ఒక కిలో. కాచిన పాలపై తీసిన మీగడ ఒక కప్పు. మెత్తగా పొడిచేసిన చక్కెర 100 గ్రాములు. ఏలకులు అయిదు. చిటికెడు ఉప్పు. మారీ బిస్కత్తులు పదునారు. కాచి చల్లార్చిన పాలు అరకప్పు. పైన చల్లుటకు సన్నగా తరిగిన జీడిపప్పు గుప్పెడు.

మొదటి పని ముందునాటి రాత్రియే కావలెను. పలుచని, శుభ్రమైన గుడ్డను జల్లెడలో పరచి, అందు పెరుగు పోసి, జల్లెడను ఒక లోతైన గిన్నెపై నుంచి, మూతపెట్టి రిఫ్రిజిరేటరులో ఉంచవలెను. పెరుగును మూటగట్టి వంటయింటి కొక్కెమునకు వ్రేలాడదీయుట చలికాలమున చెల్లును. వేసవిలో అట్లు చేసినచో నీరు దిగులోపుననే పెరుగు పులిసిపోవును. తెల్లవారునప్పటికి నీరు క్రిందికి దిగి, గుడ్డలో సుమారు సగము బరువు గల గట్టి ముద్ద నిలుచును. దిగిన నీటిని పారబోయవలదు. అది మజ్జిగలో కలుపుకొనుటకును, చపాతీ పిండి తడుపుటకును అక్కరకు వచ్చును.

ఉదయమున ఏలకుల గింజలను ఒక చెంచా చక్కెరతో కలిపి నూరవలెను. చక్కెర తోడైనప్పుడు ఏలకులు మెత్తగా నలుగును. పెరుగు ముద్దలో మీగడ, చక్కెర, ఏలకుల పొడి, ఉప్పు వేసి, గరిటెతో ఒకే దిక్కుగా ఉండలు లేకుండ కలుపవలెను. మరియు నునుపు కావలెనన్నచో జల్లెడలో వేసి గరిటెతో రుద్దవచ్చును. రుచి చూచునప్పుడు ఒక సంగతి గుర్తుంచుకొనుడు: చల్లని పదార్థమున తీపి మన నాలుకకు కొంత తక్కువగా తెలియును. కావున కలుపునప్పుడు తీపి ఒక పిసరు ముందున్నట్లు తోచిన సరిపోవును. అయినను మొదట పండు రుచి చూచి, పిదప చక్కెర కొలుచుకొనుట మేలు. పండు తీయనిదైనప్పుడు చక్కెర సగము తగ్గించినను లోటుండదు.

ఇప్పుడు దొంతర పేర్చుట. వెడల్పయిన గాజుగిన్నె మంచిది. లోని వరుసలు కంటికి కనబడును. బిస్కత్తులను ఒక్కొక్కటిగ పాలలో ముంచి వెంటనే తీసి అడుగున పరచవలెను. పాలలో ఎక్కువసేపుంచిన అవి విరిగిపోవును. వానిపై పెరుగు, మీగడ మిశ్రమమును పలుచగా పూసి, దానిపై మామిడి ముక్కలు సర్దవలెను. మరల బిస్కత్తులు, మరల మిశ్రమము, మరల ముక్కలు. చివర జీడిపప్పు. మూతపెట్టి రిఫ్రిజిరేటరులో నాలుగైదు గంటలు కదల్పక ఉంచవలెను. ఈ వేళలో బిస్కత్తులు తమ చుట్టునున్న తేమను పీల్చుకొని కేకువలె మెత్తబడును. ఓవెను చేయు పని కాదిది. కాని ఓవెను ఇచ్చు ఫలితమునకు దగ్గరగా కాలమే మనకు చేసిపెట్టును. గంటలోనే తీసినచో బిస్కత్తు బిస్కత్తుగనే, మీగడ మీగడగనే నిలుచును. వంటకు తొందర లేకున్నను ముందుచూపు కావలెను.

మీగడను నురగవచ్చునట్లు గిలకొట్టి వాడవచ్చునుగదా యని కొందరు సోదరీమణులు అడుగవచ్చును. వాడవచ్చును, కాని దాని మర్మము తెలిసియుండవలెను. మీగడలోని కొవ్వు కణములు చల్లగా, గట్టిగా ఉన్నప్పుడే గాలిబుడగలను చుట్టి పట్టుకొనగలవు. వేడికి కొవ్వు కరగగనే నురగ కూలిపోవును. అందుచే మీగడను, గిన్నెను, కవ్వమును గూడ ముందుగా చల్లబరుపవలెను. మీగడలో నూటికి 30 పాళ్ళకు తగ్గకుండ కొవ్వుండవలెను. అంగళ్ళలో చిన్న పెట్టెలలో లభించు మీగడ పెక్కింట 25 పాళ్ళే యుండును. అది ఎంతసేపు గిలకొట్టినను నిలువదు. గిలకొట్టుట మితిమీరినచో అది వెన్నయగును. మజ్జిగ చిలికిన చేతులకు ఈ సంగతి వేరుగా చెప్పవలెనా? వేసవిలో వెన్న పడకున్నచో చల్లని నీరు పోయుట యెందులకో ఎరిగినవారే మీరు. ఈ చిక్కులన్నియు లేకుండుటకే మేము పెరుగు ముద్దను ఆధారముగా గ్రహించితిమి. అది స్వయముగ గట్టిది. మీగడ దానికి నునుపును, కమ్మదనమును ఇచ్చిన చాలును.

పండ్ల యెన్నిక గూర్చి రెండు మాటలు. ముక్కలు కోయుటకు పీచులేని బంగినపల్లి తగినది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పండు పుట్టిల్లు నంద్యాల జిల్లాలోని బనగానపల్లె. చిన్నరసములు, పెద్దరసములు పీచుగలవి. వానిని పిండి, రసము వడగట్టి, వడ్డించు వేళ పైన పోసినచో ఎంతయు సొగసుగా నుండును. ద్రాక్ష, సపోటా, దానిమ్మ గింజలు కూడ చేర్చవచ్చును. అరటిపండు ముక్కలకు నాలుగు చుక్కల నిమ్మరసము పట్టించినచో త్వరగా నల్లబడవు. పుచ్చకాయ నీరూరును గనుక పనికిరాదు. పచ్చి అనాసపండును, బొప్పాయిని పాల పదార్థములతో కలిపి నిలువయుంచరాదు. వానియందు మాంసకృత్తులను విడగొట్టు పదార్థములు గలవు; అవి పెరుగును, మీగడను పలుచబరచి చేదెక్కించును.

మామిడిపండ్లను కొనునప్పుడు మరియొక జాగ్రత్త. కాల్షియం కార్బైడుతో పండ్లను మాగవేయుట మన దేశమున 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలచే నిషిద్ధము. ఆ మందులో ఆర్సెనికు, భాస్వరము వంటి విషపదార్థముల జాడలుండవచ్చును. పైకి పసుపుపచ్చగా మెరయుచు, లోన పుల్లగా, వాసన లేక యుండు పండును అనుమానించుట మంచిది. అన్నిటికంటె క్షేమమైనది, పక్వమునకు వచ్చిన కాయలు తెచ్చి యింట వరిగడ్డిలో మాగవేసికొనుట. పండ్లను అరగంటసేపు నీటిలో నుంచి, ముచ్చిక చుట్టునున్న సొన పోవునట్లు రుద్ది కడిగిన పిదపనే కోయవలెను. కడుగని తొక్కపై కత్తి దిగినచో, పైనున్న మలినము కత్తితోపాటు కండలోనికి దిగును. నిప్పు తగులని వంటకమున దానిని పోగొట్టు ఉపాయము మరి లేదు.

అందువలననే కొన్ని నియమములను గట్టిగా చెప్పవలసియున్నది. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. మాంసము, చేపలు కోసిన కత్తిపీటను ఈ పనికి తేరాదు. పచ్చిపాలను గాని, వానిపై తేరిన మీగడను గాని వాడరాదు; కాచిన పాల మీగడయే వాడవలెను. మూడు నాలుగు దినములు మీగడ కూడబెట్టువారు దానిని మూతగల పాత్రలో చల్లగా నుంచి, పులుపు వాసన తగిలినచో వెన్నకు మరల్చుకొనవలెను. రిఫ్రిజిరేటరులో చల్లదనము 5 డిగ్రీల సెంటిగ్రేడును మించరాదు. గాలికి చోటు లేకుండ దానిని గిన్నెలతో క్రిక్కిరిసినచో లోపల చల్లదనము సమముగా పరుచుకొనదు. విద్యుత్తు పోయినప్పుడు తలుపు మాటిమాటికి తీయరాదు. నాలుగు గంటలు దాటినచో మీగడ వంటకమును పారవేయుటయే మేలు. మనసొప్పక మిగిల్చినది పసివాని కడుపున చేరిన, ఆ నష్టము ముందు మూడు పండ్ల ఖరీదు లెక్కలోనిది కాదు.

వడ్డించునప్పుడు కావలసినంత మాత్రమే బయటికి తీసి, మిగిలినదానిని వెంటనే లోన నుంచవలెను. మన వేసవిలో దీనిని గంటకు మించి బయట నుంచరాదు. మరునాటితో ముగించవలెను. ఏడాది నిండని శిశువున్న యింట చక్కెరకు బదులు తేనె చేర్చి ఆ శిశువునకు పెట్టరాదు. తేనె ఆ వయసువారికి ప్రమాదము.

రిఫ్రిజిరేటరు లేని గృహములవారు చిన్నబుచ్చుకొనవలదు. కుండనీరు చల్లనిదే కాని, మీగడను గంటల తరబడి కాపాడునంత చల్లదనము దానికి లేదు. అట్టివారు దొంతర పేర్చి నిలువ యుంచక, అప్పుడే తోడుకొన్న కమ్మని పెరుగులో చక్కెర, ఏలకుల పొడి కలిపి, మామిడి ముక్కలు వేసికొని వెంటనే భుజింపవచ్చును. రుచికి అదియు తీసిపోదు.

ముందునాటి రాత్రి పది నిముషములు, ఉదయము అరగంట. ఈ తీపికి మన మిచ్చు శ్రమ ఇంతియే. మిగిలినదంతయు చల్లదనము పని. మధ్యాహ్నము చుట్టములు కూర్చొను వేళకు తీపి చల్లగా సిద్ధమైయుండును, పొయ్యి చల్లారియుండును, యిల్లాలి ముఖమున చెమట ఆరియుండును. సాధారణముగ మన యిండ్లలో అందరు తినిన తరువాత గిన్నె అడుగున మిగిలినది ఆమె వంతు. ఈ వంటకము చేసిన దినమున ఆమె కూడ పంక్తిలో అందరితోపాటు కూర్చొనవచ్చును. వడ్డించుటకు గాజుగిన్నె, గరిటె చాలును గనుక ఆ పని ఇంటిలోని పిల్లలకు గాని, పురుషులకు గాని అప్పగింపవచ్చును. మొదటి కప్పు ఆమెకే అందవలెనని మా మనవి.