మందుకు చిరునామా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన చిన్నప్పుడు చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీల్లో ఇంటి నంబరుకూ పక్కింటి నంబరుకూ పొత్తు ఉండేది కాదు. అయినా పోస్ట్‌మ్యాన్ ఉత్తరం సరైన గడపకే చేర్చేవాడు. మందుల పరిశోధనలో ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పనీ అదే. క్యాన్సర్ మందును సరైన గడపకు చేర్చడం.

మందులు మనవాళ్లూ కనిపెట్టారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను కొంతకాలం అదుపు చేయగలిగారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నాం. చిక్కల్లా, కీమో మందు ఒళ్లంతా తిరుగుతుంది. వేగంగా పెరిగే మంచి కణాలనూ చంపుతుంది. నారాయణగూడ ఇంట్లో మా అమ్మ దువ్వెన నిండా జుట్టు చూసుకుని, "రోగం కంటే మందే ఏడిపిస్తోందిరా" అంది.

1995లో అమెరికాలో డోక్సోరుబిసిన్ మందును సన్నని కొవ్వు బుడగల్లో నింపి ఇవ్వడానికి అనుమతి వచ్చింది. బుడగ సైజు సుమారు 100 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. గడ్డలోని రక్తనాళాలు హడావిడిగా కట్టిన గోడల్లాంటివి, సందులెక్కువ. బుడగలు అక్కడ లోపలికి జారతాయి. గుండె కండరంలోకి అంత సులువుగా పోవు. అందుకే గుండెకు హాని తగ్గింది. కానీ అరచేతులు, అరికాళ్లు మండే బాధ కొత్తగా వచ్చింది.

మొన్న మన బ్యాచ్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ప్లాటు అమ్మేస్తా. నానో మందు వేయిస్తే మా ఆవిడకు పూర్తిగా తగ్గిపోతుందా?"

అవుననాలనిపించింది. కానీ జంతువులపై పదేళ్ల ప్రయోగాలను పరిశీలించి 2016లో ప్రచురించిన సమీక్షలో, ఎక్కించిన నానోకణాల్లో గడ్డకు చేరినవాటి మధ్యస్థ విలువ 0.7 శాతమే. చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. వాడితో అదే చెప్పాను. "ప్లాటు సంగతి తర్వాత. ముందు డాక్టరుగారిని రెండు ప్రశ్నలడుగు. ఆవిడకున్న క్యాన్సర్‌లో ఈ మందు ఆయుష్షు పెంచుతుందా, లేక బాధ తగ్గిస్తుందా? మామూలు కీమో మాత్రం ఆపకు. మా అమ్మ దానితోనే పదకొండేళ్లు బతికింది."

ల్యాబ్ రికార్డులో కనిపించిందే రాయాలని, రావలసింది రాయకూడదని మన సైన్సు సారు కొట్టి మరీ నేర్పారు. ఆ రోజు ఫోన్లో నాకు అక్కరకొచ్చిన చదువు అదే.

సెలవు.