గోడల ఖర్చు ప్రభుత్వానిది, మాటల ఖర్చు మనది

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉత్సవాల ఖర్చు పోగా మిగిలే డబ్బుతో ఏం చేద్దామని మన సంఘం అడిగింది. నాదొక మనవి.

మద్రాసులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద ఒక ఇంటి ముందు నుంచి ఎన్నోసార్లు బస్సులో వెళ్లాను. అది బులుసు సాంబమూర్తి గారి నివాసమనీ, 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షకు కూర్చుని 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి, అక్కడే కన్నుమూశారనీ నాకు తెలియదు. ఇప్పుడది ఆయన స్మారక భవనం.

చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయిని తీసుకెళ్లాను. "ఈయన అన్నం ఎందుకు మానేశారు నాన్నా?" అనడిగింది. "మన రాష్ట్రం కోసమమ్మా" అన్నాను. ఆపైన నోట మాట రాలేదు. ఆయన బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి రైల్వేలో పనిచేశారని, అంటే నాలాగే ఇంజనీరని, ఇంటికొచ్చి చదివాకే తెలిసింది. 1953 అక్టోబరు 1 దాకా మన తడ కూడా మద్రాసు రాష్ట్రంలోదే. ఆ దీక్షకూ మన ఊరి పక్క సరిహద్దుకూ ఉన్న సంబంధం బిడ్డకు చెప్పలేకపోయాను. తప్పు నాదే.

భవనాల పనిలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. ఇల్లు కొనడానికీ బాగుచేయడానికీ ఒకసారి నిధులొస్తాయి, శిలాఫలకం పడుతుంది. వచ్చినవాళ్లకు కథ చెప్పడానికి ఏటా కావలసిన చిన్న మొత్తానికి మాత్రం దాత దొరకడు. కందుకూరి వీరేశలింగం గారికి ఈ లెక్క తెలుసు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తిని దానికి రాసిచ్చారు. తన తర్వాతా పని సాగాలంటే దానికి సొంత రాబడి ఉండాలి కదా. రాజమండ్రిలో ఆయన ఇంటిని ఈనాడు ప్రభుత్వం కాపాడుతోంది.

కొత్త ఆర్చీ కడదామని కొందరు మిత్రులన్నారు. వారి అభిమానాన్ని కాదనను. కానీ ఐదు లక్షలు డిపాజిట్ చేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 35,000 వస్తుంది. అసలు ముట్టుకోవద్దు. ఆ వడ్డీతో ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను బస్సులో ఆ ఇంటికి తీసుకెళ్దాం. ముందుగా మన తెలుగు, సోషల్ మాస్టార్లు చిన్న పుస్తకం రాసిపెట్టాలి. ఒక ఏడు వెళ్లొచ్చిన పిల్లలే మరుసటేడు వెళ్లేవాళ్లకు కథ చెప్పాలి.

చెన్నైలోని ఇంటికి మన డబ్బెందుకని అడగవచ్చు. గోడలు చూసుకోవడానికి ప్రభుత్వం ఉంది. మనం ఖర్చుపెట్టేది మన పిల్లల నోటి మాటకు.

నా వంతు 50,000 ఇస్తాను. మిగతాది మీ నిర్ణయం. ఈరోజే తేల్చమని కోరుతూ, సెలవు.