సూరతు నగరమున మరణముల లెక్క



అద్దకపు మిల్లులతోను, కార్మికుల గదులతోను నిండియున్న నేటి పాండేసర, ఇరువదవ శతాబ్ది ఆరంభమున సూరతు పొలిమేరకు ఆవలనున్న పల్లె. నగరము మాత్రము అప్పటికే మృత్యువుతో పోరాడుచుండెను.

1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు త్వరలోనే గుజరాతునకు ప్రాకినది. 1901లో సూరతు జనసంఖ్య 1,19,306, 1911లో 1,14,868. పదియేండ్లలో పెరుగవలసిన ఊరు తరిగినది. అయినను ఈ తరుగుదల యంతయు మరణములే యనుట తొందరపాటు. రెండు పర్యాయములును జనాభా లెక్కలు మార్చి నెలలో తీయబడెను; ప్లేగు విజృంభించు కాలమును అదియే. ఊరు విడిచిపోగలిగినవారు ఇండ్లకు తాళములు వేసి తరలిపోవుచుండిరి. కావున చనిపోయినవారును, పారిపోయినవారును ఆ అంకెలలో ఒక్కటిగా కలిసిపోయిరి. మరణముల రిజిస్టర్లు చూతమన్న అవియు నమ్మదగినవి కావు. రోగము బయటపడినచో ఇల్లు ఖాళీ చేయింతురను భయమున ప్లేగును దాచినవారు అనేకులు. ఏ చావునకైనను 'జ్వరము' అని వ్రాయుట ఆనాటి వాడుక.

ఎలుకపై నుండు గోమారి ఈ రోగమును మోయునని 1898లో కరాచీలో సిమండ్ కనుగొనెను. ఆయన మాట వెంటనే ఎవరును నమ్మలేదు. అంతవరకు గోడలకు సున్నము కొట్టుటయే గొప్ప చికిత్స!

1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మరింత క్రూరమైనది. దేశమున కోటికి పైగా జనమును, అందును నడివయస్సునకు రాని స్త్రీపురుషులను ఎక్కువగా కబళించెను. 1921 లెక్కలలో దేశ జనాభాయే స్వల్పముగా తగ్గినది.

1994 సెప్టెంబరులో సూరతున మరల ప్లేగు వార్త పుట్టెను. మృతులు ఏబది మందికి అటునిటు, పారిపోయినవారు లక్షలు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన తెలుగువాడు సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ప్రతిదినము వీధులలోనికి పంపి చెత్త ఎత్తించెను. ఆసుపత్రుల నుండి జ్వరముల వివరములు ఏరోజుకారోజు తెప్పించు పద్ధతి ఆ నగరమున బలపడినది. చావు తరువాత కాక, రోగముతోనే లెక్క మొదలుపెట్టుట ఇందలి విశేషము.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. పాండేసరలో తెలంగాణము నుండి వెళ్లిన నేతపనివారు కలరు. వారిలో ఒకడు జబ్బుపడి స్వగ్రామము చేరి కన్నుమూసినచో, 1969 నాటి చట్టము ప్రకారము ఆ మరణము జరిగిన చోటనే నమోదగును. అతడు పీల్చిన గాలి, త్రాగిన నీరు సూరతువి; అతని చావు మాత్రము సూరతు లెక్కలలో చేరదు.