అధిష్ఠానము: ఆలయమునకు పాదములు



మహాకుంభాభిషేక శుభసమయమున నాలుగు మాటలు విన్నవింపుమని పెద్దలు ఆజ్ఞాపించినారు. శిఖర కలశములను గూర్చి అందరును చెప్పుదురు. నేను అడుగున నుండు రాళ్లను గూర్చి చెప్పెదను.

మన జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర ఈ పేటను నిలిపిరి. ఊరి చెంతనే ధనంబోడుపై బౌద్ధస్తూపము గలదు. ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని 20వ పాలన సంవత్సరమున, అనగా క్రీ.శ. 3వ శతాబ్దిలో, సిద్ధార్థుడను శిల్పి అచ్చటి తూర్పు ద్వారమున ఐదు ఆయక స్తంభములను సమర్పించి శాసనము వేయించినాడు. పనివాడే దాత! మన మతము కాదుగదా యని త్రోసివేయవలదు, దానము దానమే. 1882 ప్రాంతమున జేమ్స్ బర్జెస్ దొర పరిశోధించునాటికే అచ్చటి పలకలు పెక్కు తరలిపోయినవి. మిగిలినవానిలో మేలైనవి మదరాసు మ్యూజియమునకు చేరినవి. అమరావతిలోను అంతే. క్రొత్త పట్టణమునకు రాళ్లు కావలసివచ్చి దీపాలదిన్నెను త్రవ్విరి. నాయుడుగారి ధర్మబుద్ధికి వంక పెట్టుట నా ఉద్దేశము కాదు. అమరేశ్వరునకు వారు చేసిన సేవ లోకవిదితము. కట్టువారి తొందరలో పోయిన రాయి మాత్రము మరల రాదు.

విమానమునకు ఆరు అంగములు: అధిష్ఠానము, పాదము, ప్రస్తరము, గ్రీవము, శిఖరము, స్తూపి. వీనిలో అధిష్ఠానమే దేవుని కోవెలకు పాదములు. ఉపానము, జగతి, కుముదము అను వరుసలన్నియు అచ్చటనే యున్నవి. ప్రతి మరమ్మతునను పాత నేలపై ఒక పొర సిమెంటు, దానిపై ఒక పొర పలకలు పరచుచు వచ్చినచో ఏమగును? ప్రాంగణము ఎత్తగును, పాదములు పూడిపోవును, వాననీరు గర్భాలయము వైపు నడచును. కొలతలతో నిలిచిన కట్టడము కుఱుచయై కనబడును. శాసనముపై ఎనామిల్ రంగు పూసినచో దానిని వ్రాయించిన దాత పేరు మాసిపోవును. మీ పేరు చెక్కించుటకు మరియొకరి పేరు చెరుపుదురా?

వేదాద్రిలో సాలగ్రామ నృసింహుడు కృష్ణానదిలోను, జ్వాలా నృసింహుడు కొండపైనను వెలసినారు. వారెవరును పాలరాతి నేల అడుగలేదు.

లక్క, గుగ్గిలము, మైనము, వెన్న మొదలైనవి కలిపి గంటలకొలది దంచి అష్టబంధనము సిద్ధము చేయుదురు. అది మూర్తిని పీఠమునకు పట్టియుంచును. గోడ సందులకు సున్నము, ఇసుక, బెల్లము, కరక్కాయ నీరు కలిపిన పాత గచ్చు చాలును. అది రాతితో కలిసిపోవును. సిమెంటువలె రాతిని బిగబట్టదు.

కావున నేల పలకలకై విరాళము వ్రాయించిన దాతలకు ఒక విన్నపము. ఆ ద్రవ్యమును పాత పొరలను తొలగించి అధిష్ఠానమును వెలికిదీయుటకును, వాననీటి తూములను బాగుచేయుటకును వినియోగింప అనుమతి నిండు. దాతల నామములను ప్రాకారము లోపలి తట్టున వేరొక నల్లరాతి పలకపై చెక్కింతుము. అంగీకార పత్రములు యాగశాల వద్ద స్వీకరింపబడును.