బడి మొక్కకు మే నెలలో నీళ్లు



బిచ్కుంద పక్కన మంజీర ఉంది. ఎగువన నిజాంసాగర్ ఉంది. దాన్ని 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. అయినా ఎండాకాలంలో బిందె నీళ్ల విలువ మీకే ఎరుక.

2001లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో జాతీయ హరిత దళం మొదలుపెట్టింది. పిల్లలు జట్టుగా మొక్కలు నాటుతారు. చెరువు కట్టకు పోయి చెట్లను, పిట్టలను గుర్తుపడతారు. 2015లో హరితహారం వచ్చింది. ఊరూరా మొక్కలు నాటారు.

వానాకాలంలో నాటుడు సులువే. ఫొటోకు అందరూ వస్తారు. మే నెలలో ఎవరూ రారు! బడికి సెలవులు, గేటుకు తాళం. పిల్లలు ఇంట్లో, మొక్కలు ఎండలో. కంచె సందులో మేక దూరిందా, ఇక అంతే.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య సైకిల్ మీద మొక్కలు, విత్తనాలు పెట్టుకొని తిరిగి నాటేవారు. భార్య జానమ్మ తోడుగా ఉండేది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025లో చనిపోయారు.

నీళ్లు తక్కువైతే ఒక ఉపాయం ఉంది. పాత మట్టికుండ అడుగున సన్న రంధ్రం చేయాలి. అందులో గుడ్డ వత్తి దూర్చాలి. మొక్క పక్కన మూతిదాకా పాతి నీళ్లు నింపాలి. పైన మూత పెట్టాలి. నీళ్లు బొట్టుబొట్టుగా వేరుకు అందుతాయి. కుండ ఖాళీ అయితే మళ్లీ నింపాలి. పిల్లలు వంతులు వేసుకుంటే ఎవరికీ బరువు కాదు.

గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటదో సెలవులకు ముందే సారును అడిగి పెట్టుకోండి.